మెట్ల కింది సైకిలు

తిరుపతిలో ఏ అపార్ట్‌మెంటులోనైనా మెట్ల కిందికి ఓసారి తొంగిచూడండి. అక్కడ ఒక సైకిలు ఉంటుంది. లావాటి టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, హ్యాండిలుకు అటూ ఇటూ గేర్లు మార్చే మీటలు. కొన్న రోజున కంటికి ఎంతో ఇంపుగా ఉండి ఉంటుంది. ఇప్పుడు రెండు చక్రాల్లోనూ గాలి లేదు, సీటు మీద దుమ్ము పేరుకుంది, ఛైను తుప్పు పట్టి ఎర్రబడింది. పొద్దున ఆరున్నరకి అదే గేటు ముందు ఇంకో సైకిలు వచ్చి ఆగుతుంది. నల్లది, పాతది, రంగు పోయిన చోటల్లా ఇనుము బయటపడింది. క్యారియరు మీద తడిగోనె కప్పిన గంప, అందులో తోటకూర, పాలకూర, కొత్తిమీర కట్టలు. ఆ మనిషి వీధి వీధీ తిరిగి ఎండ ముదిరే లోపల ఇల్లు చేరతాడు, మర్నాడు మళ్లీ అదే వేళకి వస్తాడు. ఆ రెండు సైకిళ్ల మధ్య ఇరవై అడుగుల దూరం ఉండదు. వేలు పోసి కొన్నది మూలకు చేరితే, ఎవరూ కన్నెత్తి చూడనిది ఏళ్ల తరబడి ఎలా తిరుగుతోంది? ప్రశ్న చిన్నదే. కానీ తక్కువ ఖర్చులో ఒక సైకిలు కూర్చుకుని దాని మీద పనికి పోయి రావాలనుకునేవాళ్లు, ఏ కంపెనీ, ఎన్ని గేర్లు అని అడగబోయే ముందు, ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి.

వెంటనే తోచే జవాబు ఒకటుంది. ఆకుకూరలాయనకి వేరే దారి లేదు కాబట్టి తొక్కుతున్నాడు, మెట్ల కింది సైకిలు యజమానికి బండి ఉంది కాబట్టి మానేశాడు. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఇదే మొత్తం నిజమా? అవసరం ఉన్నవాళ్ల సైకిలూ ఆగుతుంది. ముల్లు గుచ్చుకుంటుంది, స్పోకు విరుగుతుంది, బాల్సు అరిగిపోతాయి. తేడా ఆగడంలో లేదు, ఆగిన తర్వాత ఏం జరుగుతుందన్న దాంట్లో ఉంది. నల్ల సైకిలు ఆగితే వీధి మలుపులో చెట్టు కింది అంగడికి తోసుకుపోతారు, అరగంటలో మళ్లీ ఎక్కి పోతారు. గేర్ల సైకిలు సంగతి వేరు. సెల్లారులో ఎవరో బండి తీస్తూ తగిలించారనుకోండి, సైకిలు కుడిపక్కకి పడింది. వెనక చక్రం దగ్గర గేరు మార్చే పరికరాన్ని పట్టుకుని ఒక చిన్న లోహపు చెవి ఉంటుంది, అది వెంట్రుకవాసి వంగింది. ఇంతే జరిగింది. మర్నాటి నుంచి ఛైను ఒక పళ్లచక్రం మీద నిలవదు, టకటకమని దూకుతూ ఉంటుంది, ఒక్కోసారి స్పోకుల్లోకి పోయి ఇరుక్కుంటుంది. వీధి మలుపు అంగడాయన చేయి తిరిగిన మనిషే, కానీ ఆ చెవిని సరిచేసే కొలపట్టీ ఆయన దగ్గర లేదు, ఆ మోడలుకి సరిపోయే విడిభాగమూ లేదు. పెద్ద షాపుకి తీసుకుపొమ్మంటాడు. ఆ రోజు తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఉండాలి. బండి తాళాలు చేతికి అందుతాయి. ఆదివారం చూద్దామనుకున్న పని ఆ ఆదివారం జరగదు. సైకిళ్లు మూలకు చేరేది మనుషుల సోమరితనం వల్లనే అనుకుంటాం. నిజానికి చాలా సైకిళ్లు ఇలాంటి ఒక ఉదయం దగ్గర ఆగిపోయి ఉంటాయి.

నల్ల సైకిలుకి ఈ సౌలభ్యం ఎక్కడి నుంచి వచ్చింది? దాని వెనక నూటనలభై ఏళ్ల చరిత్ర ఉంది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండి, వెనక చక్రాన్ని ఛైను తిప్పే సైకిలు తయారుచేశాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆ తర్వాత రూపుదిద్దుకున్న ఇంగ్లీషు రోడ్‌స్టరే మన నల్ల సైకిలుకి మూలం. 1949లో మదరాసు పక్కన అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ కర్మాగారం మొదలైనప్పుడు చిత్తూరు జిల్లా కూడా మదరాసు రాష్ట్రంలోనే ఉంది. తిరుపతికి, పుత్తూరుకి, చిత్తూరుకి అప్పట్లో అంతకంటే దగ్గరి సైకిలు కర్మాగారం లేదు. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. పేర్లు వేరైనా వీటన్నింటి ఎముకలూ ఒకటే. ఛైను లంకెకి లంకెకి మధ్య అర అంగుళం, వెనక చక్రం ఇరుసులో పక్కకు తొమ్మిది పావు అంగుళం బాల్సు, ముందు చక్రానికి 32 స్పోకులు, బరువు మోసే వెనక చక్రానికి 40. టి.ఐ. వాళ్ల హెర్క్యులిస్‌కి తెచ్చిన కోను హీరోకి పడుతుంది. ఈ ఒకేలాంటితనాన్ని వెనకబాటు అనుకుంటాం. అది ఊరూరా పంచిపెట్టిన విద్య కాదా? ఒక్క నమూనాని రెండు తరాలు విప్పి బిగించి నేర్చుకున్నాయి కాబట్టే, కాణిపాకం దారిలో ఛైను తెగినా కరకంబాడి రోడ్డులో కాటర్ పిన్ను ఊడినా దగ్గర్లో బాగుచేసేవాళ్లు ఉంటారు.

అందుకే చవక అన్న మాటని ఇంకో కొలతతో చూడాలి. సైకిలు ధర ఎంత అన్నది ఒక లెక్క. అది ఏడాదిలో ఎన్ని రోజులు పనికి వచ్చింది అన్నది అసలు లెక్క. తిరుచానూరు నుంచి విశ్వవిద్యాలయం వైపో, పట్టణం నడిబొడ్డు నుంచి రేణిగుంట వైపో రోజూ 8 కిలోమీటర్లు పోయి, 8 కిలోమీటర్లు వచ్చే ఉద్యోగిని తీసుకుందాం. నెలకి 25 పనిదినాలు, 400 కిలోమీటర్లు. లీటరుకి 45 కిలోమీటర్లిచ్చే బండికి దాదాపు 9 లీటర్ల పెట్రోలు. లీటరు నూరు రూపాయలు దాటిన కాలంలో నెలకి తొమ్మిది వందలకు పైమాటే, ఏడాదికి పదకొండు వేలు. అంటే పదివేల లోపల కూర్చుకున్న సైకిలు రోజూ కదిలితే ఏడాది తిరిగేసరికి తన ఖర్చు తాను తీర్చేసుకుంటుంది. అదే పదివేల సైకిలు నలభై రోజులు తిరిగి మూలకు చేరితే, ఒక్కో రోజుకి రెండొందల యాభై రూపాయలు పడినట్టు. ఆ డబ్బుకి రోజూ ఆటోలో పోయి ఉండొచ్చు. చవకదనం కొన్న రోజున తేలేది కాదు, ఆగిపోయిన రోజున తేలుతుంది.

మరి ఆ నల్ల సైకిలునే కొనేస్తే పోలేదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన మాటే. కానీ అది పాల క్యాన్లకీ బియ్యం మూటలకీ పుట్టిన సైకిలు. ఇరవై కిలోల బరువు. దాని మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు, రొమ్ము మొత్తం గాలికి ఎదురు నిలుస్తుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఆషాఢమాసంలో పడమటి గాలికి ఎదురు తొక్కినవాళ్లెవరికైనా ఈ సూత్రం తొడలకి తెలుసు. అన్నిటికన్నా పెద్ద లోపం బ్రేకులది. మెరిసే స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు దాని మీద జారిపోతుంది, మీట ఎంత బలంగా నొక్కినా సైకిలు ముందుకే పోతుంది. మనకి వాన ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైన సంగతి ఎవరూ మరిచిపోలేదు. అంత వాన కాకపోయినా, కార్తీకంలో మాపటేళ పడే మామూలు జల్లులో కూడా స్టీలు రిమ్ముని నమ్ముకుని లీలామహల్ కూడలి దాటడం తెలివైన పని కాదు. రోడ్ బైకు అని పిలిచే సన్నటి సైకిలు సరిగ్గా ఈ మూడింటికీ మందు తెచ్చింది: తక్కువ బరువు, కొంచెం ముందుకి వంగి కూర్చునే తీరు, తడిలో కూడా పట్టే అల్యూమినియం రిమ్ము. అయితే దాంతోపాటు పందేలకి తప్ప పనికిరాని సామాను కూడా తెచ్చింది. కాబట్టి తేల్చుకోవాల్సింది ఒకటే. రోడ్ బైకు నుంచి ఏం తీసుకోవాలి, నల్ల సైకిలు నుంచి ఏం వదులుకోకూడదు?

నా వాదన ఇది. నేలనీ ఒంటినీ తాకే చోట రోడ్ బైకుని అనుసరించాలి, మెకానిక్కు చేయి తాకే చోట నల్ల సైకిలుని అనుసరించాలి. డబ్బు మొదటి చోట పెట్టి, రెండో చోట మిగుల్చుకోవాలి. ఫ్రేముతో మొదలుపెడదాం. పాత స్టీలు ఫ్రేము గుజిరీ అంగట్లో తక్కువకే దొరుకుతుంది. అతుకుల దగ్గర చీలిక లేకుండా, ముందు నుంచి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో నిలిచేటట్టు ఉంటే చాలు. స్టీలు వంగితే నిలబెట్టొచ్చు, పగిలితే గ్యాసు వెల్డింగు చేసే మనిషి అతికిస్తాడు. అల్యూమినియం ఫ్రేము తేలికే గానీ, పగిలితే మన ఊళ్లో దానికి వైద్యం కష్టం. తర్వాత చక్రాలు. పాత 28 అంగుళాల రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు, రోడ్ బైకుల 700సీ రిమ్ముకి 622. తేడా 13 మిల్లీమీటర్లు, అంటే పక్కకు ఆరున్నర. పాత ఫ్రేములో కొత్త రిమ్ము హాయిగా పడుతుంది, పైన మడ్‌గార్డుకి చోటు కూడా మిగులుతుంది. బ్రేకు రబ్బరు మాత్రం ఆరున్నర మిల్లీమీటర్లు కిందికి అందాలి. అందుకే పొడుగు చేతుల బ్రేకులు అడిగి తీసుకోవాలి, బ్రేకు బోల్టుకి రంధ్రం ఉన్న ఫోర్కునే ఎంచుకోవాలి. నల్ల సైకిలు రాడ్డు బ్రేకులు తీసేసి తీగ బ్రేకులు పెట్టడానికి అయ్యే ఖర్చులో ఒక్క పైసా కూడా దండగ కాదు.

ఆ చక్రాన్ని కూర్చడం చూడదగ్గ పని. మెకానిక్కు సైకిలుని తలకిందులుగా నిలబెట్టి చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పుతాడు. ఫోర్కు కాలికి చేయి ఆనించి, వేళ్ల మధ్య సుద్దముక్క పట్టుకుంటాడు. చక్రం తిరుగుతూ ఎక్కడ పక్కకి ఒరిగితే అక్కడ సుద్ద తగిలి తెల్లగీత పడుతుంది. ఆ గీత దగ్గర అవతలిపక్క స్పోకుని నిపిలు తాళంతో పావు చుట్టు బిగిస్తాడు, ఇవతలిది పావు చుట్టు వదులుతాడు. మళ్లీ తిప్పుతాడు. గీత పొట్టిదవుతుంది. నాలుగైదు సార్లు ఇలా జరిగాక సుద్దకి చక్రం తగలదు, గాలి కోసిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఈ విద్యకి కొత్త రిమ్ము, పాత రిమ్ము అన్న భేదం లేదు. స్పోకులున్న ఏ చక్రానికైనా ఇదే చికిత్స. నట్లతో బిగించే మామూలు ఇరుసు, విప్పి గ్రీజు పెట్టి బాల్సు మార్చుకునే హబ్బు ఎంచుకుంటే ఓవరాయిలింగు కూడా ఆ చెట్టు కిందే అయిపోతుంది. ఒక మాట ఒప్పుకోవాలి. 700సీ రిమ్మూ టైరూ ప్రతి మూల అంగట్లో ఉండవు, పెద్ద షాపు నుంచి తెచ్చుకోవాలి. ఒక టైరు, రెండు ట్యూబులు ఇంట్లో పెట్టుకుంటే ఆ లోటు తీరిపోతుంది.

గేర్ల దగ్గర చాలామంది మనసు ఊగుతుంది. ఇరవై ఒక్క గేర్లు ఉంటే ఎక్కువ ఇచ్చినట్టు, ఒక్కటే ఉంటే తక్కువ ఇచ్చినట్టు అనిపిస్తుంది. లెక్క చూద్దాం. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకి 18. 32 మిల్లీమీటర్ల టైరు వేసిన 700సీ చక్రం ఒక చుట్టుకి సుమారు 2.15 మీటర్లు పోతుంది. అంటే పెడలు ఒక్కసారి పూర్తిగా తిరిగితే సైకిలు అయిదు మీటర్ల పాతిక సెంటీమీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు అంటే ఆయాసపడకుండా తొక్కే లయ. ఆ లయలో గంటకి దాదాపు 19 కిలోమీటర్లు. ఎనిమిది కిలోమీటర్లకి పాతిక నిమిషాలు, సిగ్నళ్లు కలుపుకుంటే అరగంట. తిరుపతి నేల కొండ పాదం నుంచి స్వర్ణముఖి వైపు మెల్లగా వాలుతుంది, కపిలతీర్థం వైపు పోయేటప్పుడు కొంచెం బరువు తెలుస్తుంది, అంతే. ఎత్తుపల్లాలు జాస్తిగా ఉన్న చిత్తూరులో వెనక 18కి బదులు 20 పళ్లు వేసుకుంటే పెడలు తేలికవుతుంది, వేగం గంటకి 17కి దిగుతుంది. ఆ రెండు కిలోమీటర్ల తేడా ఎవరి హాజరుపట్టీలోనూ కనిపించదు. పలమనేరు దారిలో మొగిలి ఘాటు ఎక్కాలంటే గేర్లు కావాల్సిందే, నిజం. కానీ పనికి పోయేవాళ్లు రోజూ ఎక్కని ఘాటు కోసం, రోజూ చెడిపోయే అవకాశమున్న పరికరాన్ని ఎందుకు మోయాలి?

టైర్ల విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. పందెపు సైకిళ్ల సన్నటైర్లు చూడ్డానికి బాగుంటాయి. మన రోడ్డు అంచుల్లో సర్కారుతుమ్మ ముళ్లున్నాయి, వేసవిలో పల్లేరు కాయలున్నాయి. పల్లేరు కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. 32 మిల్లీమీటర్ల టైరు, లోపల ముల్లుని ఆపే పట్టీ ఉన్నది, పంచర్లు తగ్గించి పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. గాలి మరీ రాయిలా కొట్టించాల్సిన పని లేదు. గతుకుల రోడ్డు మీద కొంచెం మెత్తగా ఉన్న టైరు గతుకుని తానే మింగుతుంది, దెబ్బ నడుము దాకా రానీయదు. హ్యాండిలుకి కూడా వేలు అక్కర్లేదు. పైకి లేచిన మామూలు హ్యాండిలుని తిరగేసి బిగిస్తే ఒళ్లు నాలుగు వేళ్లు ముందుకి వంగుతుంది, గాలి అడ్డు తగ్గుతుంది. కుర్రకారు ఒకప్పుడు అందం కోసం చేసిన పనిలో ఇంత శాస్త్రం ఉంది.

ఇక అభ్యంతరాలు. తయారైన రోడ్ బైకే కొనుక్కుంటే తలనొప్పి ఉండదు కదా, 2025 సెప్టెంబరు నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ కూడా 12 శాతం నుంచి 5కి దిగింది కదా అనొచ్చు. కొనుక్కోవచ్చు. కానీ చవక ధరలో దొరికే రోడ్ బైకుకి ధర తగ్గించింది సాధారణంగా చక్రాల్లోనూ బ్రేకుల్లోనూ గేర్ల నాణ్యతలోనూ. మనం డబ్బు పెట్టాలనుకున్న చోటే వాళ్లు మిగుల్చుకున్నారు. కూర్చుకున్న సైకిలులో ఆ నిర్ణయం మన చేతిలో ఉంటుంది. పైగా ప్రతి బోల్టు ఎక్కడుందో తెలిసిన మనిషికి సైకిలు ఆగినప్పుడు కంగారు పుట్టదు. చెమట సంగతేమిటి అంటారు. మేలో నలభై డిగ్రీలు దాటే ఊరు ఇది, ఆ మాట కొట్టిపారేయలేను. ఎనిమిదిన్నర లోపల చేరి, ఆరు తర్వాత బయల్దేరే పనివేళలున్నవాళ్లకి ఏడాదిలో ఎక్కువ నెలలు ఇబ్బంది లేదు. సంచీ వీపు మీద కాకుండా క్యారియరు మీద కడితే చొక్కా సగం పొడిగా ఉంటుంది, ఇంకో చొక్కా అందులోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కేవాళ్లని వేసవిలో తొక్కమని చెప్పడం మాత్రం అన్యాయం. అలాగే ఏర్పేడు దాకా పోయి రావాల్సినవాళ్లకి ఈ ఒంటి గేరు సైకిలు సరిపడదు. పదికిలోమీటర్ల లోపు దూరాలకే ఈ వాదన.

సమయం వృథా అన్న అభ్యంతరానికి ఆలోచనాపరుడు ఇవాన్ ఇలిచ్ 1970లలోనే ఒక లెక్క చెప్పాడు. కారు కొనడానికి, నడపడానికి, దాని ఖర్చులు సంపాదించడానికి అమెరికన్ మగవాడు ఏడాదికి పదహారు వందల గంటలకు పైగా వెచ్చించి 7,500 మైళ్లు పోతున్నాడని, భాగిస్తే గంటకి అయిదు మైళ్లు కూడా రావని. మన బండికి ఆ అంకెలు అతకవు, కానీ లెక్కించే పద్ధతి అతుకుతుంది. పదకొండు వేల పెట్రోలు కోసం ఎన్ని రోజులు పనిచేశామో ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు. మిగిలిన అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది: ప్రమాదం. సైకిలుని ఎంత బాగా కూర్చినా లారీని ఆపలేం. మంచి బ్రేకులు, ముందూ వెనకా దీపాలు, హెల్మెట్టు, ఊళ్లోని ఫ్లైఓవరు పైకి ఎక్కకుండా కింది వీధుల్లోంచి పోయే దారి, ఇవి మనవైపు నుంచి చేయగలిగినవి. మిగతాది ఊరు చేయాలి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. అది వ్యాయామానికి పోయేవాళ్ల దారి. పనికి పోయేవాళ్లు అడిగేది అంత కాదు. ఉన్న రోడ్డులోనే అంచున ఒక మీటరు, అక్కడ బండ్లు నిలపకుండా చూడటం. 2011 జనాభా లెక్కల నాటికి కూడా దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిలు ఉంది, స్కూటరో మోటారు సైకిలో ఉన్నవి 21 ఇళ్లే. అంతమంది ఎక్కే వాహనానికి ఆ ఒక్క మీటరు దయగా ఇచ్చేది కాదు, రావాల్సిన వాటా.

ఇదంతా అనుకున్నాక మెట్ల కింది సైకిలు వైపు మళ్లీ చూస్తే అది ఇంతకు ముందులా కనిపించదు. దాని స్టీలు ఫ్రేము బాగానే ఉంది. రిమ్ములు అల్యూమినియంవే. చెడినవి గేర్ల పరికరాన్ని పట్టుకునే ఆ చెవి, తుప్పు పట్టిన ఛైను, అంతే. గేర్ల పరికరం పక్కనున్న రెండు చిన్న స్క్రూలు బిగించి, కొత్త ఛైనుని నడిమి పళ్లచక్రం మీద నిలిపేస్తే చాలు. అప్పుడా పరికరం గేర్లు మార్చదు, ఛైనుని బిగువుగా పట్టుకుని ఊరుకుంటుంది. లావు టైర్లు తీసి అదే రిమ్ముకి సరిపోయే నున్నటి సన్నటైర్లు, కొత్త ట్యూబులు, కొత్త బ్రేకు రబ్బర్లు, ఒక క్యారియరు, మడ్‌గార్డులు. గుజిరీ అంగడి దాకా కూడా పోనక్కర్లేదు. పనికి పోయే సైకిలు కోసం ఊరంతా వెతకబోయే ముందు చూడాల్సిన మొదటి చోటు మన మెట్ల కిందే. రేపు పొద్దున ఆరున్నరకి ఆకుకూరలాయన వచ్చినప్పుడు, ఆయన సైకిలుకి చక్రం బెండు తీసేది ఎవరో, ఆ అంగడి ఎక్కడుందో అడిగి తెలుసుకుంటే మిగతా పని అక్కడ మొదలవుతుంది.